మన వైద్య పత్రాలకు కాపలాదారు ఎవరు?

2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిలో కంప్యూటర్లు స్తంభించిపోయాయి. ఓపీ చీటీలు, రక్తపరీక్షల నివేదికలు, బిల్లులు, వార్డులో చేర్చుకోవడం, డిశ్చార్జి చేయడం వంటి పనులన్నిటినీ నడిపించే 'ఈ-హాస్పిటల్' వ్యవస్థ అక్కడి ఐదు సర్వర్లలో ఉండేది. బయటివారెవరో వాటిలోకి చొరబడి, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని చదవడానికి వీలులేని సంకేతాలుగా మార్చివేశారు. సమాచారం ఉన్నచోటనే ఉంది, కానీ దాని తాళంచెవి దొంగల చేతికి పోయింది. దూరప్రాంతాల నుంచి వచ్చే రోగులతో నిత్యం కిటకిటలాడే ఆ ఆసుపత్రిలో సిబ్బంది మళ్లీ కలం, కాగితం పట్టవలసి వచ్చింది. ముఖ్యమైన పనులు తిరిగి కంప్యూటరు మీదికి రావడానికి రెండు వారాలు పట్టింది.

సమాచారం చివరకు దక్కింది. దాడి సోకని వేరొక సర్వరులో దాని నకలు ఉండటం వల్లనే దక్కింది. ఆ నకలు నుంచి కొత్త సర్వర్లలోకి అంతా ఎక్కించామని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. ఆసుపత్రి నెట్‌వర్కును సరిగా భాగాలుగా విభజించకపోవడం వల్లనే దొంగలకు దారి దొరికిందని కూడా ప్రభుత్వమే చెప్పింది. గదుల మధ్య తలుపులు లేని ఇంట్లో వాకిలి దాటినవాడికి ఇక అడ్డేముంటుంది?

ఇటువంటి సంఘటన జరిగినప్పుడల్లా, ఆసుపత్రులు తమ లెక్కలను, రికార్డులను 'క్లౌడ్'కు అప్పగించడమే పరిష్కారమని నిపుణులు కొందరు అంటారు. క్లౌడ్ అంటే మేఘం. పేరు ఆకాశాన్ని తలపిస్తుంది గాని, నిజానికి అది నేలమీది భవనమే. వేలాది కంప్యూటర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు, జనరేటర్లు, కాపలా సిబ్బంది ఉండే ఆ భవనంలో కొంత చోటును ఆసుపత్రి అద్దెకు తీసుకుంటుంది. ఎయిమ్స్‌పై దాడి జరిగిన ఆ నవంబరులోనే అమెజాన్ సంస్థ హైదరాబాద్‌లో ఇటువంటి కేంద్రాలను ప్రారంభించింది. అవి వేర్వేరు చోట్ల మూడు సముదాయాలుగా ఉన్నాయి. ఒకచోట వరద వచ్చినా, కరెంటు పోయినా మిగిలినవి పని చేయాలన్నది ఆ ఏర్పాటులోని ఉద్దేశం. కేంద్ర ప్రభుత్వానికి కూడా సొంత క్లౌడ్ ఉంది. దాని పేరు 'మేఘ్‌రాజ్'.

మన పట్టణాల్లోని నర్సింగ్‌హోములను చూస్తే ఈ సలహాలో నిజమున్నదని ఒప్పుకోక తప్పదు. రిసెప్షన్ బల్ల కింద దుమ్ము పట్టిన ఒక కంప్యూటరు, ఏళ్ల తరబడి వచ్చిన రోగుల వివరాలన్నీ అందులోనే. నకలు తీసి ఉంచేవారు ఉండరు. ఒక్క సీటీ స్కాన్ చిత్రాలే వందల మెగాబైట్ల చోటు ఆక్రమిస్తాయి. డిస్కు నిండితే పాతవి చెరిపివేస్తారు, డిస్కు చెడిపోతే అన్నీ పోతాయి. అటువంటి ఆసుపత్రి లక్షలు పోసి సర్వర్లు కొని, వాటికొక ఇంజనీరును నియమించడం జరిగే పని కాదు. నెలనెలా అద్దె చెల్లించి, రాత్రింబవళ్లు మెలకువగా ఉండే సిబ్బంది చేతికి అప్పగించడమే మేలని మేము కూడా భావిస్తున్నాము.

అయితే అప్పగించడంతో ఆసుపత్రి పని తీరిపోదు. క్లౌడ్ సంస్థలు తమ ఒప్పందాలలో ఈ మాట స్పష్టంగానే రాసుకుంటాయి. భవనం, యంత్రాలు, విద్యుత్తు తమ బాధ్యత. లోపల ఉంచిన సమాచారాన్ని ఎవరు చూడవచ్చు, పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉండాలి, ఉద్యోగం మానివేసినవారి ప్రవేశాన్ని ఎప్పుడు రద్దు చేయాలి అన్నవి అద్దెకు తీసుకున్నవారి బాధ్యత. గోడలు ఎంత దృఢంగా ఉన్నా కిరాయిదారు తలుపు తెరచి పడుకుంటే యజమాని ఏం చేయగలడు?

అమెరికాలో 2024 ఫిబ్రవరిలో ఇదే రుజువైంది. ఆసుపత్రులకు, మందుల దుకాణాలకు, బీమా సంస్థలకు మధ్య బిల్లులు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ అనే సంస్థలోకి దొంగలు దొంగిలించిన పాస్‌వర్డుతో ప్రవేశించారు. పాస్‌వర్డుతో పాటు రెండవ పరిశీలన, అంటే మన ఫోనుకు వచ్చే ఓటీపీ వంటిది, ఆ ద్వారానికి లేదు. ఎయిమ్స్‌ను కాపాడిన నకలు అక్కడ అక్కరకు రాలేదు, దాడిలో నకళ్లకు కూడా తాళం పడింది. దేశమంతటా మందుల దుకాణాలలో బీమా బిల్లులు నిలిచిపోయాయి. సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించామని మాతృసంస్థ అధిపతి అక్కడి చట్టసభ ముందు అంగీకరించారు. కోట్లాది ప్రజల వివరాలు అప్పటికే బయటికి పోయాయి. అంత పెద్ద సంస్థ ఒక ఓటీపీ దగ్గర తప్పిందంటే నమ్మబుద్ధి కాదు.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ విషయంలో మేలైన మాట చెప్పింది. మన సమాచారాన్ని తీసుకునే సంస్థను ఆ చట్టం 'డేటా ఫిడ్యూషియరీ' అంటుంది. అంటే మన ఇళ్లలో వాడే మాటలో అమానతుదారు. ఆ సంస్థ పనిని మరొకరికి అప్పగించినా, వారి వల్ల జరిగే తప్పుకు కూడా తానే జవాబు చెప్పాలి. భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి గాని, ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. రోగుల సమాచారం విషయంలో ఇది సుదీర్ఘమైన గడువేనని మా అభిప్రాయం.

ఇక 'ఆభా' సంఖ్య సంగతి. ప్రభుత్వ ఆసుపత్రి కౌంటరు వద్ద ఆధారుతో పాటు ఈ 14 అంకెల సంఖ్యను అడుగుతున్నప్పుడు, మన జబ్బులన్నీ ఢిల్లీలో ఒకేచోట చేరుతున్నాయని చాలామంది భయపడుతున్నారు. ఏర్పాటు అలా లేదు. రికార్డు ఏ ఆసుపత్రిలో తయారైతే అక్కడే, లేదా ఆ ఆసుపత్రి అద్దెకు తీసుకున్న చోటనే ఉంటుంది. మరొక వైద్యుడు చూడాలంటే రోగి అనుమతి కావాలి. ఎంతకాలం చూడవచ్చో రోగే నిర్ణయించవచ్చు, ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోవచ్చు. ఆభా తీసుకోవడం ఐచ్ఛికం. అందుచేత భయపడవలసింది ఢిల్లీ గురించి కాదు, మన వీధి చివర ఆసుపత్రిలో పాస్‌వర్డును కాగితం మీద రాసి తెరకు అంటించే అలవాటు గురించి. ఒక స్త్రీ గర్భస్రావం, ఒక యువకుని మానసిక చికిత్స, సంబంధం కుదరబోయే ఇంట్లో ఒకరి క్షయవ్యాధి, ఇవి బయటికి పొక్కితే జరిమానాతో తిరిగిరావు.

కనుక ఆసుపత్రిలో అడగడానికి మొహమాటపడవద్దు. మా రికార్డులు ఎక్కడ ఉంచుతారు? నకలు వేరేచోట ఉన్నదా? నెట్ పోయిన రోజు మా అమ్మకు ఏ మందు పడదో మీకెలా తెలుస్తుంది? సాఫ్ట్‌వేర్ కంపెనీని మారిస్తే పాత రికార్డులు మీకు తిరిగి వస్తాయా? ఇన్‌పేషెంటు రికార్డులను వైద్యులు మూడేళ్లు భద్రపరచాలని, రోగి కోరితే 72 గంటలలో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలు చెబుతున్నాయి. డిశ్చార్జి పత్రం, స్కాన్ సీడీ, మందుల చీటీ ఒక నకలు ఇంటి బీరువాలో ఉంచండి. ముఖ్యంగా పడని మందుల పేర్లు, రక్తపు గ్రూపు, వాడుతున్న మాత్రల మోతాదు ఒక కాగితం మీద రాసి, ఇంట్లోని పెద్దల పర్సులోనో సంచిలోనో పెట్టండి.