ఫోను ఎందుకు వదలబుద్ధి కాదు?

నాయనా, వేరుశనగకాయలు ఒలుచుకొని తినునపుడు ఎన్ని తింటివో నీకు చెప్పునది కడుపు కాదు, ఒడిలోని తొక్కల కుప్ప. దానిని ఎవరైనను చాటుగా ఎత్తివేయుచుండినచో నీ చేయి ఆగునా? 2006లో ఎజా రాస్కిన్ అను అమెరికా యువకుడు, వ్రేలు జరిపిన కొలది క్రొత్త సరకు తనంతట తానే వచ్చు తెరను కల్పించి, తొక్కలు కనబడని తిండిని వడ్డించెను. పాపము, పిమ్మట అతడే బహిరంగముగా పశ్చాత్తాపపడెను.

మరి విసుగేల పుట్టదు? స్కిన్నర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ముక్కుతో మీటను పొడిచిన ప్రతిసారియు గాక ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే గింజ దొరకునట్లు చేయగా, గింజలు ఆగిపోయిన తరువాత కూడ పావురములు చాలాసేపు పొడుచుచునే యుండెను. నీ బొమ్మను స్నేహితులు మెచ్చిరో లేదో యని, రాత్రి పదకొండు గంటలకు దుప్పటిలో నాలుగవసారి తెర వెలిగించునపుడు నీవు పొడుచునదియు ఆ మీటనే. మెప్పు రాకున్న చిన్నబోదువు, వచ్చిన మరల చూతువు, నిద్ర మాత్రము గుమ్మములో కాచుకొని కాచుకొని వెడలిపోవును.