పాత ట్రాక్టరు, మోటారు సైకిలు చేతులు మారునప్పుడు అమ్మకపు పన్ను సంగతి

మిరప, పత్తి అమ్ముడై చేతికి రొక్కము వచ్చిన తరువాత, వానాకాలపు దుక్కులు మొదలుకాక ముందు, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో పాత బండ్లు చేతులు మారుట హెచ్చుగా ఉండును. ఒకరు పాత ట్రాక్టరు అమ్మి కొత్తది తెచ్చుకొందురు. ఆ పాతదానిని పక్క ఊరి రైతు కొనును. ఇట్టి బేరములలో రైతులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి ఉన్నది. "నేను వ్యాపారిని కాను, కొనువాడును వ్యాపారి కాడు, ఈ అమ్మకముపై ప్రభుత్వమునకు అమ్మకపు పన్ను కట్టవలెనా?"

కట్టనక్కరలేదు. కాని ఈ జవాబు విని ఊరుకొనిన రైతు, పన్నుకన్న పెద్ద ప్రమాదమును నెత్తిన పెట్టుకొనవచ్చును. కనుక పన్ను సంగతి ముందు చెప్పి, ఆ రెండవ సంగతి తరువాత వివరముగా చెప్పుదుము.

అమ్మకపు పన్ను మన ప్రాంతమునకు కొత్తది కాదు. ఈ మూడు జిల్లాల నేల హైదరాబాదు రాష్ట్రములో ఉన్నప్పుడే 1950 నాటి హైదరాబాదు సాధారణ అమ్మకపు పన్ను చట్టము ఉండెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1957లో మరొక చట్టము వచ్చినది. 2005లో దాని స్థానమున వ్యాట్, 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను, అనగా జి.ఎస్.టి. వచ్చినవి. పేర్లు మారినను మూలసూత్రము మారలేదు. పన్ను వ్యాపారము మీద వేయబడును గాని, ఇంటి సామాను అమ్ముకొను సంసారి మీద కాదు. జి.ఎస్.టి. చట్టము ప్రకారము వ్యాపార క్రమములో జరిగిన సరఫరాకే పన్ను. తన పొలమునకు వాడుకొనిన ట్రాక్టరును, తాను ఎక్కి తిరిగిన మోటారు సైకిలును మరొకనికి అమ్ముట వ్యాపారము కాదు. పండించిన పంటను అమ్ముకొనినంత మాత్రమున రైతు జి.ఎస్.టి. రిజిస్ట్రేషను తీసుకొనవలసిన పనియు లేదు.

కొందరు తమ ట్రాక్టరును ఇతరుల పొలములకు కిరాయికి పంపుదురు. దానివలన తాము వ్యాపారులమై పోతిమా అని వారికి సందేహము. వ్యవసాయ యంత్రములను సేద్యపు పనికి కిరాయికిచ్చుట పన్ను మినహాయింపు గల సేవ. రిజిస్ట్రేషను లేని మనిషి తన పాత వాహనము అమ్మినప్పుడు జి.ఎస్.టి. వర్తించదని 2024 డిసెంబరులో జైసల్మేరులో జరిగిన జి.ఎస్.టి. కౌన్సిలు 55వ సమావేశము స్పష్టపరచినది.

ఆ సమావేశము తరువాతనే దేశమంతట గందరగోళము పుట్టినది. పాత వాహనములపై పన్ను 12 నుండి 18 శాతమునకు పెంచిరని వార్త రాగా, నష్టమునకు అమ్మినను 18 శాతము కట్టవలెనని చాలమంది అనుకొనిరి. నిజము వేరు. ఆ 18 శాతము రిజిస్టరు అయిన వ్యాపారికి మాత్రమే. అదియు మొత్తము వెలపై కాదు, కొన్న ధరకును అమ్మిన ధరకును నడుమ గల లాభముపై మాత్రమే. ఇది 2025 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. పెద్ద కార్లకు అంతకు ముందే 18 శాతము ఉండెను.

లెక్క చూచిన సులభముగా అర్థమగును. ఒక పాత బండ్ల వ్యాపారి రైతు వద్ద ట్రాక్టరును 3 లక్షలకు కొని, మరొక రైతునకు 3 లక్షల 40 వేలకు అమ్మినాడనుకొందము. లాభము 40 వేలు. దానిపై 18 శాతము, అనగా 7,200 రూపాయలు వ్యాపారి ప్రభుత్వమునకు కట్టవలెను. అదే ట్రాక్టరును 2 లక్షల 90 వేలకే అమ్మిన పన్ను లేదు. అదే ట్రాక్టరును మొదటి రైతు నేరుగా రెండవ రైతునకు ఎంతకు అమ్మినను పన్ను లేదు. కాబట్టి వ్యాపారి "మొత్తము వెలపై 18 శాతము" అని 61 వేల చిల్లర అడిగినచో అది చట్టము కాదు, బేరగాని తెలివి అని గ్రహించి, బిల్లు చూపుమని అడుగవలెను. మన రాష్ట్రములో వస్తువుల వ్యాపారికి కూడ సాలు టర్నోవరు 20 లక్షలు దాటిననే రిజిస్ట్రేషను తప్పనిసరి. రిజిస్ట్రేషను లేని బేరగాడు జి.ఎస్.టి. పేరున పైసా వసూలు చేయరాదు.

రైతులలో ఎరువుల దుకాణమో, రైసు మిల్లో నడుపుచు జి.ఎస్.టి. రిజిస్ట్రేషను గలవారు కొందరు ఉన్నారు. వారు వాహనమును దుకాణపు లెక్కలలో వ్రాసి, ఆదాయపు పన్ను కొరకు సాలుసాలున తరుగుదల చూపించి ఉన్నచో, అమ్మునప్పుడు పన్ను వచ్చును. అప్పుడు లాభమును కొన్న ధర నుండి కాక, తరుగుదల పోగా మిగిలిన విలువ నుండి లెక్కింతురు. లెక్కలలో 2 లక్షలకు దిగిన బండిని 2 లక్షల 50 వేలకు అమ్మిన, 50 వేలపై 18 శాతము చొప్పున 9 వేలు. అప్పు తీర్చని వాహనమును ఫైనాన్సు కంపెనీ పట్టుకొని వేలము వేసినప్పుడు కొనువారు కూడ బిల్లులో జి.ఎస్.టి. ఉన్నదా అని ముందే అడిగి పాట పాడుట మంచిది.

పాతదా కొత్తదా అని తర్జనభర్జన పడువారు మరొక మార్పును కూడ గమనింపవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి కొత్త వ్యవసాయ ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతమునకును, ట్రాక్టరు టైర్లపై 18 నుండి 5 శాతమునకును తగ్గినది. 350 సి.సి. లోపు మోటారు సైకిళ్ళపై 28 నుండి 18కి దిగినది. కొత్తదాని వెల తగ్గినప్పుడు పాతదాని వెలయు తగ్గవలెను గదా! అంతకు ముందటి సంవత్సరపు ధరను చూపి బేరమాడు అమ్మకందారుతో ఈ మాట అనవచ్చును.

అమెరికాలో ఉన్న పిల్లలు "ఇక్కడ పాత కారు కొనిననూ పన్ను కట్టితిమి" అని చెప్పగా విని, ఇక్కడను అట్లే ఉండునని అనుకొనువారు ఉన్నారు. అక్కడ ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క పద్ధతి. టెక్సాసులో ఇద్దరు సామాన్యుల నడుమ జరిగిన అమ్మకమునకు కూడ కొన్నవాడు 6.25 శాతము పన్ను కట్టిన గాని బండి పేరు మారదు. కాగితముపై తక్కువ ధర వ్రాసినను, ప్రభుత్వము లెక్కగట్టిన విలువలో 80 శాతమునకు తగ్గకుండ పన్ను వేయుదురు. అరిజోనాలో అట్టి అమ్మకమునకు పన్ను లేదు. మన దేశములో ఈ విషయమున సామాన్యునికి అరిజోనా దారియే దొరకినది.

అమ్మకపు పన్ను లేదన్న, ఏ పన్నూ లేదని కాదు. కార్లు, మోటారు సైకిళ్ళకు రవాణా శాఖ వసూలు చేయు జీవితకాలపు పన్ను వేరు. అది బండికి అంటి ఉండునది. రాష్ట్రములోనే చేతులు మారిన మరల కట్టనక్కరలేదు. వ్యవసాయ ట్రాక్టర్లకు, ట్రైలర్లకు రవాణా పన్నును తెలంగాణ ప్రభుత్వము 2014లో తొలగించినది. అయితే ఆ మినహాయింపు సేద్యపు వాడుకకు. ఇసుక, ఇటుక కిరాయిలకు తిప్పిన బండి అధికారుల కంట పడిన అప్పుడు వచ్చు చిక్కు వేరు.

భూపాలపల్లి జిల్లావారికి ఇందులో ఒక ప్రత్యేకత ఉన్నది. కాళేశ్వరము వద్ద గోదావరి వంతెన దాటిన సిరోంచ, అది మహారాష్ట్ర. అక్కడి ఎం.హెచ్. 33 బండి చౌకగా వచ్చినదని తెచ్చుకొనువారు, అక్కడి రవాణా కార్యాలయము నుండి నిరభ్యంతర పత్రము, అనగా 28వ ఫారము, తీసుకొనకుండ పైకము ఇవ్వరాదు. ఆ పత్రము లేనిదే ఇక్కడ పేరు మారదు. కారు, మోటారు సైకిలు అయినచో వయస్సును బట్టి ఇక్కడి జీవితకాలపు పన్ను కూడ కట్టవలసి వచ్చును. చౌక అన్నది అంతయు కలిపి లెక్క వేసిన పిదప తెలియును.

పేరు మార్పు

ఇక ముందు చెప్పిన రెండవ సంగతి. పన్ను లేదు గనుక కార్యాలయమునకు పోవలసిన పనియే లేదని, నూరు రూపాయల స్టాంపు కాగితముపై వ్రాసుకొని, ఇద్దరు సాక్షుల చేత సంతకము పెట్టించి, తాళములు ఇచ్చి పంపువారు మన పల్లెలలో ఎక్కువ. ఆ కాగితము అమ్మినవానికిని కొన్నవానికిని నడుమ సాక్ష్యము మాత్రమే. మోటారు వాహనముల చట్టము, 1988 దృష్టిలో రిజిస్టరులో ఎవరి పేరున్నదో వాడే యజమాని.

ఇందువలన ఏమగునో 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తేల్చి చెప్పినది. ఒక కారు ఒకరి తరువాత ఒకరుగా పలువురి చేతులు మారినది. రిజిస్టరులో మాత్రము మొదటి యజమాని పేరే ఉండిపోయినది. ఆ కారు వలన ప్రమాదము జరిగి ప్రాణము పోయినది. తాను రెండేండ్ల క్రిందటనే అమ్మితినని మొదటి యజమాని వాదించెను. రిజిస్టరులో పేరున్నవాడే నష్టపరిహారమునకు బాధ్యుడనియు, బాధితులు బండి వెంట ఒక్కొక్క చేయి వెదకుచు తిరుగవలసిన పని లేదనియు కోర్టు తీర్పు చెప్పెను. ప్రమాదము నాటికి బీమా నడుచుచున్నచో కంపెనీ చెల్లించును. బీమా గడువు తీరినదో, ఆ మొత్తము లక్షలలో ఉన్నను పేరుగలవాని మీదనే పడును. పల్లెలలో పాత ట్రాక్టర్లకు బీమా ఎంతమంది క్రమముగా కట్టుచున్నారో మనకు తెలియనిది కాదు. రెండు లక్షలకు ట్రాక్టరు అమ్మి, ఎవరో నడిపిన దానికి రెండెకరముల పొలము అమ్ముకొను దుర్గతి ఎవరికి కావలెను? దొంగ ఇసుకలోనో, మరొక నేరములోనో బండి పట్టుబడినను పోలీసులు మొదట తలుపు తట్టునది రిజిస్టరులోని చిరునామానే.

అందుచేత చేయవలసిన పని ఇది. అమ్మినవాడు 14 దినములలోగా 29వ ఫారము ద్వారా రవాణా కార్యాలయమునకు తెలియజేయవలెను. కొన్నవాడు 30 దినములలోగా 30వ ఫారముతో తన పేరున మార్చుకొనవలెను. వాయిదాలకు ఇంత సమయమున్నదని ఊరుకొనక, తాళములు ఇచ్చు దినముననే ఇద్దరును స్లాటు తీసుకొని కలసి కార్యాలయమునకు పోవుట మేలు. కొన్నవానికి బండి చేతికి వచ్చిన తరువాత కార్యాలయమునకు తీరిక దొరకదు, ఇది లోకరీతి. అమ్మినవాడు రసీదు నకలు దాచుకొని, నెల తరువాత పేరు మారినదో లేదో తానే విచారించుకొనవలెను.

ట్రాక్టరుకు ఒక రిజిస్ట్రేషను, ట్రైలరుకు మరొక రిజిస్ట్రేషను ఉండును. ఇంజను పేరు మార్చుకొని తొట్టి సంగతి మరచువారు చాలమంది. రెండింటికిని వేరు వేరు ఫారములు నింపవలెను. బండిపై బ్యాంకు అప్పు ఉన్నచో, అది తీరినట్లు బ్యాంకు సంతకముతో 35వ ఫారము, బాకీ లేదను పత్రము లేనిదే కొనరాదు. సర్టిఫికెట్టుపై బ్యాంకు పేరు ఉండగా కొన్నవాడు అప్పును కూడ కొన్నట్లే. సబ్సిడీపై తెచ్చిన యంత్రమైనచో మంజూరు ఉత్తరములోని షరతులు ముందుగా చూచుకొనవలెను. యజమాని చనిపోయినచో వారసులు 30 దినములలో తెలిపి, మూడు నెలలలో 31వ ఫారముతో తమ పేరున మార్చుకొని, పిమ్మటనే అమ్మవలెను. తండ్రి పేరున్న బండిని కొడుకు నేరుగా అమ్ముట చెల్లదు.

బీమా పత్రమును కూడ కొన్నవాడు 14 దినములలో తన పేరున మార్పించుకొనవలెను. ఇతరులకు కలుగు నష్టపు బీమా బండితో పాటు వచ్చినట్లే చట్టము భావించును గాని, బండికే దెబ్బ తగిలిన వచ్చు పరిహారము పేరు మార్చుకొనని వానికి దక్కదు. క్లెయిము చేయనందుకు వచ్చు తగ్గింపు మాత్రము అమ్మినవానిదే, బండితో పోదు.

నంబరు ప్లేటు గురించి అనుమానపడువారికి ఒక మాట. ఉమ్మడి వరంగల్లు జిల్లా నాటి ఏ.పి. 36, రాష్ట్రము ఏర్పడిన తరువాతి టి.ఎస్. 03, 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయిన పిదప వచ్చిన భూపాలపల్లి 25, మహబూబాబాద్ 26, జనగామ 27, 2024 మార్చి నుండి వచ్చిన టి.జి. నంబర్లు, ఇవన్నియు చెల్లునవే. అక్షరములు పాతవైనంత మాత్రమున బండి వెల తగ్గించి అడుగుట న్యాయము కాదు. చూడవలసినది రిజిస్ట్రేషను గడువు. సొంత వాహనములకు అది 15 సంవత్సరములు; దగ్గరపడినచో పునరుద్ధరణ ఖర్చును బేరములో కలుపుకొనవలెను. చెల్లించని చలానులు ఉన్నవేమో నంబరు కొట్టి చూచుకొనుటయు మరువరాదు.

పైకము పుచ్చుకొను పద్ధతిలో అమ్మినవాడు జాగ్రత్తగా ఉండవలెను. 2017 ఏప్రిల్ నుండి ఒకే లావాదేవీలో రెండు లక్షలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట ఆదాయపు పన్ను చట్టము నిషేధించినది. పుచ్చుకొనిన మొత్తమునకు సమానమైన జరిమానా పుచ్చుకొనినవానిపైననే పడును. మూడు లక్షల ట్రాక్టరును మూడు దినములలో లక్ష చొప్పున తీసుకొనినను బేరము ఒక్కటే గనుక తప్పించుకొనలేరు. మిరప పంట పైకము రొక్కముగా ఉన్నదని కొనువాడు తెచ్చినను, బ్యాంకులో వేసి ఖాతా నుండి ఖాతాకు పంపుమని చెప్పవలెను. ధరను తక్కువగా వ్రాయుటవలన ఇక్కడ ఎవరికిని లాభము లేదు. ధరపై పన్నే లేనప్పుడు అసలు ధర వ్రాయుటకు సంకోచమెందుకు? రేపు తగవు వచ్చిన, కాగితముపై వ్రాసిన ధరయే నిలుచును.