ఈడ్పులు పుట్టించు మందులును, మత్తు గొలుపు మందులును

నాడీమండలమును రేపు మందులు ఉత్తేజకములు; దానిని అణచునవి మత్తుమందులు. ఒకదానికి రెండవది విరుగుడని సామాన్యముగా తలంతురు. ఇది కొంతవరకే నిజము. ఏ మేరకు నిజమో తెలియకున్నచో విషము మింగినవారి ప్రాణమునకు అపాయము కలుగును గనుక ఈ విషయము ఇచ్చట వివరింపబడుచున్నది.

ముష్టి గింజలలోని స్ట్రిక్నిను, వెన్నుపాములో గ్లైసిను అను పదార్థము చేయు అణచివేతను తొలగించును. అందుచే స్వల్పమగు తాకుడు గాని చప్పుడు గాని దేహమంతయు బిగియునట్లు ఈడ్పులు తెచ్చును. చేపలను మత్తిల్లజేసి పట్టుటకు వాడిన కాకమారి గింజలలోని పిక్రోటాక్సిను, మెదడులో గాబా అను పదార్థము తెరచు క్లోరైడు ద్వారములను అడ్డగించును. బార్బిట్యురేటులు ఆ ద్వారములనే ఎక్కువసేపు తెరచియుంచును. కావున జంతువులలో ఒకదాని బలమును రెండవది తగ్గించును.

అయినను ఇవి తక్కెడలోని రాళ్లవలె సరితూగవు. ఒకదాని బలము ముందుగా తీరి, రెండవదాని బలము మిగులును. ఈడ్పుల పిమ్మట నాడీమండలము అలసి మందగించును. అప్పటికి మత్తుమందు దేహమున నిలిచియున్నచో రెండు మాంద్యములును కూడి ఊపిరి ఆగిపోవచ్చును. బార్బిట్యురేటు మింగినవారికి పిక్రోటాక్సిను, కార్డియజోలు ఇచ్చు పద్ధతి పూర్వముండెను. 1940ల చివర డెన్మార్కులో ఆ పద్ధతిని విడిచి, శ్వాసను, రక్తప్రసారమును కాపాడుటయే ముఖ్యముగా నెంచిన చికిత్సచే మరణములు తగ్గెను.

ఈడ్పులను ఆపుటకు మత్తు అవశ్యము కాదు. అమెరికా వైద్యులగు మెరిట్, పట్నం అనువారు పిల్లులకు విద్యుత్తుచే ఈడ్పులు కల్పించి, ఫెనిటాయిను అంతగా మత్తు కలిగింపకయే వానిని అరికట్టునని 1937, 1938 సంవత్సరములలో ప్రకటించిరి.

అధికారులు గమనింపదగిన సంగతులు:

1. స్ట్రిక్నిను మింగినవారిని తాకుడు, చప్పుడు, వెలుతురు తగ్గించి, జాగుచేయక ఆసుపత్రికి పంపవలెను. కాఫీ మొదలగు ఉత్తేజకములు ఇయ్యరాదు, వాంతి చేయింపరాదు.

2. మత్తుమందు మింగి తెలివి తప్పినవారిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, ఊపిరిని కనిపెట్టుచు ఆసుపత్రికి చేర్పవలెను. నోట ఏమియు పోయరాదు.

3. స్ట్రిక్నిను తెలివి తప్పింపకయే ఈడ్పులు తెచ్చును గనుక ఆ మరణము మిక్కిలి బాధాకరము. వీధికుక్కలను గుండెలో స్ట్రిక్నిను సూదివేసి చంపుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టముచే నేరముగా నిర్ణయింపబడినది.