గేట్ బజార్‌లో బండి ఎక్కడ ఆపాలి, ఎక్కడ పెట్టకూడదు?



సాయంత్రం ఆరు దాటాక గేట్ బజార్‌కి బండి మీద వెళ్ళిన వారికి ఒక సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు. చీర ఎంచుకోవడానికి పట్టే సమయం కంటే బండి పెట్టే చోటు వెతుక్కోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. వెతికి వెతికి విసిగి, ఎక్కడో ఒకచోట వదిలేసి దుకాణంలోకి వెళతాం. తిరిగి వచ్చేసరికి బండి ఉండదు, లేదా చక్రానికి తాళం ఉంటుంది. అప్పుడు మన నోట వచ్చే మొదటి మాట ఒక్కటే: "ఇక్కడ బోర్డు లేదు కదండీ!"

ఈ మాట నిలుస్తుందా? ఈనాటి ప్రసంగంలో దాన్నే కాస్త వివరంగా చూద్దాం.

ముందుగా మన భాషలోనే ఉన్న ఒక తేడా గమనించండి. ఆటోవాడిని "ఇక్కడ ఆపు" అంటాం. మన స్కూటర్ గురించి "అక్కడ పెట్టాను" అంటాం. ఆపడం వేరు, పెట్టడం వేరు. మనిషి దిగడానికో ఎక్కడానికో క్షణం నిలిపి కదిలిపోతే అది ఆపడం. బండిని అక్కడే ఉంచి మన పని మనం చూసుకుంటే అది పెట్టడం. చట్టం కూడా ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది. కొన్ని చోట్ల ఆపవచ్చు గాని పెట్టకూడదు. కొన్ని చోట్ల ఆపనే కూడదు.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షన్ ఉంది. నలుగురూ తిరిగే చోట ఇతరులకు ప్రమాదం గాని, అడ్డు గాని, అనవసరమైన ఇబ్బంది గాని కలిగేలా బండిని నిలిపి ఉంచకూడదని దాని సారాంశం. అందులో బోర్డు ప్రసక్తే లేదు. అడ్డు అయిందా లేదా అన్నదే ప్రశ్న. "నేను స్టీరింగ్ దగ్గరే కూర్చున్నాను" అన్నా, "రెండు నిమిషాలే" అన్నా అడ్డు అడ్డే.

దీనికి తోడు 2017లో వచ్చిన డ్రైవింగ్ నియంత్రణల్లో బండి పెట్టకూడని చోట్లను విడివిడిగా చెప్పారు. ఫుట్‌పాత్ మీద, పాదచారులు దాటే చారల మీద, బస్టాపు దగ్గర, బడి, ఆస్పత్రి గేట్ల దగ్గర, ఎవరి ఇంటికైనా ఆవరణకైనా రాకపోకల దారికి ఎదురుగా, ఇప్పటికే నిలిచి ఉన్న బండి పక్కన రెండో వరసలో పెట్టకూడదు. నాలుగు రోడ్ల కూడలి అయితే దాని అంచు నుంచి ఇటూ అటూ యాభై మీటర్ల లోపు పెట్టకూడదు. యాభై మీటర్లంటే పెద్ద అడుగులు వేసే మనిషికి అరవై, డెబ్బై అడుగుల నడక. ఈ లెక్కన మన బజార్లలో కూడలి పక్కన నిత్యం నిలిచి ఉండే బండ్లలో చాలా వాటికి అక్కడ ఉండే హక్కు లేదు. వీటిలో ఏ చోటికీ విడిగా బోర్డు పెట్టనక్కరలేదు. కనుక "బోర్డు లేదు" అన్న మాట నిలవదు.

ఎందుకింత పట్టింపు అంటారేమో. మా బడిలో ఏడో తరగతి పిల్లలు చేసే లెక్క ఒకటి చేసి చూద్దాం. ఏడు మీటర్ల వెడల్పున్న వీధి ఒకటి అనుకోండి. బజారు వీధికి అది తక్కువేం కాదు. ఒక పక్క కారు పెట్టారు, సుమారు రెండు మీటర్లు పోయింది. ఎదురుగా ఇంకొకరు పెట్టారు, ఇంకో రెండు పోయాయి. మిగిలింది మూడు. ఇందులో రెండు ఆటోలు ఎదురైతే ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవాలి. తోపుడుబండి ఒకటి ఉంటే అదీ లేదు. మన దేశంలో లారీలాంటి బండి వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండవచ్చు. అగ్నిమాపక శకటం కూడా ఇంచుమించు అంత ఉంటుంది. మూడు మీటర్ల సందులో అది దూరాలంటే పక్కకు జానెడు చోటు మిగులుతుంది. అందులో ఒక మోటారు సైకిల్ హ్యాండిల్ బయటికి పొడుచుకొని ఉంటే చాలు, శకటం అక్కడే ఆగిపోతుంది. బట్టల దుకాణాలు గోడకు గోడ ఆనుకొని ఉన్న బజారులో నిప్పు పుడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆస్పత్రికి రోగిని తీసుకువెళ్ళే అంబులెన్సుకూ ఇదే చిక్కు. ఒక్క గంజాం నుంచే కాదు, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా ఎంతోమంది వైద్యానికి బరంపురమే వస్తారు.

2019లో చట్టాన్ని సవరించినప్పుడు, అంబులెన్సుకో అగ్నిమాపక శకటానికో పక్కకు తప్పుకోని వాహన చోదకుడికి ఆరు నెలల దాకా జైలు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చని చేర్చారు. అయితే అది బండి నడుపుతున్నవాడికి. బండి పెట్టేసి ఫలహారశాలలో కూర్చున్న పెద్దమనిషి సైరను విన్నా లేచి వచ్చేలోగా జరగాల్సింది జరిగిపోతుంది. నా మట్టుకు రెండో ఆయన తప్పే పెద్దదని అనిపిస్తుంది.

ఇప్పుడు బోర్డుల సంగతి చూద్దాం. సరిహద్దు జిల్లాల వాళ్ళం కనుక మనకు ఇది మరీ అవసరం. బరంపురంలో తెలుగు ఇంట మాట్లాడి, ఒడియాలో చదువుకున్నవారు ఎందరో. ఇచ్ఛాపురం నుంచి వచ్చేవారికి ఒడియా అక్షరం రాకపోవచ్చు. ఆ బెంగ అక్కరలేదు. గుర్తులకు లిపి లేదు. నీలం రంగు గుండ్రటి బిళ్ళ, చుట్టూ ఎర్ర అంచు, దాని మీద ఏటవాలుగా ఒకే ఎర్ర గీత ఉంటే బండి పెట్టకూడదు. మనిషిని దింపి పోవచ్చు. అదే బిళ్ళ మీద రెండు గీతలు గుణకారం గుర్తులా ఒకదాన్నొకటి కోస్తే ఆపనే కూడదు. ఒక గీతకు పెట్టవద్దు, రెండు గీతలకు ఆపవద్దు. ఇంతే గుర్తుంచుకోండి. నీలం పలకలో తెల్లని పెద్ద 'పి' అక్షరం ఉంటే అక్కడ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. రోడ్డు అంచున ఎడతెగని పసుపు గీత కనిపిస్తే అక్కడా పెట్టకూడదు.

దుకాణాల ముందు కొందరు తాడు కట్టి, కుర్చీ వేసి, "మా ఖాతాదారులకు మాత్రమే" అని అట్ట తగిలిస్తారు. దుకాణం వారిదే గాని దాని ముందున్న రోడ్డు వారిది కాదు. చట్టం 117వ సెక్షన్ ప్రకారం బండ్లు నిలిపే స్థలాలను నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం గాని, అది అధికారం ఇచ్చినవారు గాని. అదీ స్థానిక సంస్థను సంప్రదించి. కనుక సొంత తాడుకు చట్టబలం లేదు. అయితే ఒకరి గేటుకు అడ్డంగా పెట్టే హక్కు మనకూ లేదు. తాడు కట్టినా కట్టకపోయినా అంతే.

బండిని తీసుకుపోయే అధికారం పోలీసులకు 127వ సెక్షన్ ఇచ్చింది. నిషేధించిన చోట పెట్టినా, పది గంటలకు మించి దిక్కులేకుండా వదిలేసినా, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి దాన్ని ఈడ్పించవచ్చు, చక్రానికి తాళం వేయించవచ్చు. రాకపోకలకు ప్రమాదంగా ఉంటే వెంటనే తీయించవచ్చు. ఈడ్చిన ఖర్చు జరిమానాకు అదనంగా యజమానే భరించాలి. సాధారణ తప్పులకు 177వ సెక్షన్ కింద మొదటిసారి వంద రూపాయల దాకా ఉన్న జరిమానాను 2019 సవరణ ఐదువందలకు, మళ్ళీ చేస్తే పదిహేనువందలకు పెంచింది. డబ్బు కట్టినప్పుడు రసీదు అడగడం మరవకండి. తప్పు లేదని మీకు గట్టిగా అనిపిస్తే అక్కడికక్కడే కట్టి తీరాలని లేదు, కోర్టులో చెప్పుకోవచ్చు.

దారికి అడ్డం కలిగించడమన్నది మోటార్లు పుట్టకముందే నేరం. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో దానికి 200 రూపాయల దాకా జరిమానా ఉండేది. ఎద్దుబండి కాలంలో రాసిన ఆ అంకె 2024 జూన్ దాకా అలాగే ఉండిపోయింది. ఆ జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక 285వ సెక్షన్ కింద అది ఐదువేల దాకా అయింది. ఇది బండ్లకే కాదు, రోడ్డు మీదికి సరుకు పరిచే దుకాణానికీ వర్తిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా బండి అయితే ఒడిశాలో ఏం చేస్తారులే అనుకునే వారున్నారు. మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ ఒక్కటే. బండి నంబరు కొట్టగానే యజమాని వివరాలు తెలిసిపోయే రోజులివి. ఇ-చలానా మీ ఫోనుకే వస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చలానా పేరుతో దొంగ సందేశాలు పంపి డబ్బు కాజేసేవారు బయలుదేరారు. సందేశంలోని లంకెను నొక్కకుండా, పరివాహన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి బండి నంబరుతో చూసుకోండి.

ఇంతవరకు మన బాధ్యత చెప్పుకున్నాం. అవతలి పక్క కూడా చెప్పుకోవాలి. పెట్టవద్దు అని చెప్పేవారు ఎక్కడ పెట్టాలో కూడా చూపాలి కదా! 1867లో మునిసిపాలిటీగా మొదలై 2008లో నగరపాలక సంస్థ అయిన ఊరు మనది. పాత బజారు వీధులు కార్ల కోసం వేసినవి కావు. వాటిని ఇప్పుడు వెడల్పు చేయడం సులువు కాదు గాని, స్థలం చూపించడం, గీతలు గీయడం, గుర్తులు చెట్ల కొమ్మల చాటున పడకుండా చూడడం అసాధ్యమేమీ కాదు. మీ వార్డు కార్పొరేటరుకు ఫలానా కూడలి దగ్గర గుర్తు లేదని, గీత చెరిగిపోయిందని రాసి ఇవ్వండి. నోటిమాట కంటే కాగితం బలమైనది. దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి.

రెండేళ్ళకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి యాత్ర రోజుల్లో బండ్ల దారులు మారతాయి, మామూలుగా పెట్టే చోట్ల కూడా పెట్టనివ్వరు. ఇలాంటి తాత్కాలిక ఆంక్షలకు 115వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. నెల రోజులకు మించని ఆంక్షను గెజిట్‌లో ప్రకటించనక్కరలేదు. కాని వీలైనంత మేర స్థానికంగా అందరికీ తెలిసేలా ప్రచారం చేయాలి. అందుచేత యాత్రకు బయలుదేరే ముందు ఆ వారం స్థానిక పత్రికలో, రేడియోలో పోలీసుల ప్రకటన ఏమిటో తెలుసుకోండి. పల్లెల నుంచి వచ్చే చుట్టాలకు ఫోనులో చెప్పండి, బండి ఊరి బయటే పెట్టి ఆటోలో రమ్మనండి.