చిత్రపు పోస్టుకార్డులు: గోదావరి పల్లెజీవనమునకు ఒక ఆధారము

గ్రామజీవన చరిత్రను పరిశీలించువారు సాధారణముగ శాసనములను, కైఫీయతులను, దొరతనమువారి జిల్లాగ్రంథములను, జానపదగేయములను ఆశ్రయింతురు. గోదావరి మండలమును గూర్చి హెన్రీ మారిస్ 1878లో ప్రకటించిన వర్ణనగ్రంథమును, హెమింగ్వే 1907లో కూర్చిన గెజిటీరును మన పరిశోధకులకు చిరపరిచితములే. ఈ వరుసలో చిత్రపు పోస్టుకార్డునకును ఒక స్థానము కలదని మా యభిప్రాయము. దానిని ముచ్చటకు కూడబెట్టువారు పెక్కురు. సాక్షిగ నిలిపి ప్రశ్నించువారు తక్కువ. ప్రశ్నించినచో అది చెప్పునదేమి, చెప్పజాలనిదేమి యను విషయమును, ముఖ్యముగ తెలుగు పదసేకరణ చేయు విద్యార్థుల దృష్టితో, ఇచట విచారింతుము.

పోస్టుకార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీ రాజ్యమున పుట్టినది. మన దేశమున 1879 జూలై 1 నుండి కాలణా వెలకు లభించినది. బొమ్మ అచ్చువేసిన కార్డులకు 1900 మొదలు 1914 వరకు గల కాలము మహర్దశ. మద్రాసునందు హిగ్గిన్‌బాదమ్స్, స్పెన్సర్, వీలే-క్లైన్ మున్నగు సంస్థలు వీనిని ప్రకటించినవి. ఛాయాచిత్రము ఇచట తీసినను అచ్చుపని పెక్కుమార్లు జర్మనీలో జరిగెడిది. కొన్నవారిలో అధికభాగము యూరోపియనులు: ఉద్యోగులు, సైనికులు, వర్తకులు, మతప్రచారకులు. కాకినాడలో 1874 నుండి కెనడా బాప్టిస్టు మిషను పనిచేసినది. రేవుపట్టణ మగుటచే వర్తకులకును కొదువ లేకుండెను. ఇట్టివారు కొని స్వదేశములకు పంపుటచే మన పల్లెల చిత్రములు మన పల్లెలలో మిగులలేదు. సముద్రములు దాటి పరాయి కుటుంబముల ఆల్బములలో చేరినవి. వానిని వెదకువారు పట్టికలలో కాకినాడను నేటి వర్ణక్రమమున గాక, ఆనాటి ఇంగ్లీషు వ్రాతలోని 'కోకనాడా' రూపమున వెదకవలెను. లేనిచో ఖాళీచేతులే మిగులును. 2018లో లండనులోని సోయాస్ సంస్థయందు మద్రాసు, బెంగుళూరు కార్డులతో ఒక ప్రదర్శన జరిగినది. అది నగరచరిత్రను ఉద్దేశించినది. పల్లెకార్డుల సంగతి వేరు.

పల్లెకార్డుతో వచ్చు మొదటి చిక్కు దాని శీర్షిక. నగరపు కార్డుపై వీధిపేరో భవనము పేరో యుండును. పల్లెకార్డుపై 'నేటివ్ విలేజ్' వంటి మాటయు, దాని ప్రక్కన మద్రాసు అను పేరును ఉండిన నదే భాగ్యము. ఆ మద్రాసు పట్టణమా, గంజాము నుండి తిరునెల్వేలి వరకు గల రాజధాని యంతయునా? మనుష్యులకును పేరు లేదు. కల్లు గీయువాడు, నీళ్లు మోయు స్త్రీ, క్షురకుడు అని వృత్తిగనో కులముగనో చూపబడుదురు. థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగ ప్రకటించిన దక్షిణదేశ కులముల గ్రంథమునందలి చూపే ఇచట అంగడిసరకైనది.

జిల్లా పేరున్నను జాగ్రత్త వలయును. 1904లో ఏలూరు, తణుకు, భీమవరము తాలూకాలు గోదావరి జిల్లానుండి కృష్ణాజిల్లాకు మారి, 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడువరకు అందే యుండినవి. కావున 1910 నాటి భీమవరపు పొలము కృష్ణాజిల్లా శీర్షిక క్రింద కనబడుట తప్పు కాదు. 2022లో ఏర్పడిన కాకినాడ జిల్లా పేరుతో పాతకార్డులను వర్గీకరించుట మాత్రము కాలవిరుద్ధము.

కాలనిర్ణయమునకు కార్డు వెనుకవైపు ముఖ్యము. తొలినాళ్లలో అది చిరునామాకే. మాట వ్రాయదలచినవారు బొమ్మ అంచున ఇరికించెడివారు. బ్రిటనులో 1902 నుండి వెనుకవైపును నిలువుగీతతో విభజించి, ఒక సగమున జాబు వ్రాయుటకు అనుమతించిరి. తక్కిన దేశములు క్రమముగ అనుసరించినవి. కాని తపాలాముద్ర తేది జాబునకు తేది, చిత్రమునకు కాదు. ఒకే గాజుఫలకనుండి ఏండ్లతరబడి కార్డులు అచ్చువేయుట కలదు.

రంగుల విషయమున మేము మిక్కిలి అనుమానముతో నుందుము. ఆనాటి ఛాయాచిత్రము సామాన్యముగ నలుపు తెలుపులదే. రంగు తరువాత అద్దినది. అద్దినవారు గోదావరిని చూచియుండరు. కార్డును బట్టి ఎఱ్ఱచీర యని వ్రాసినచో, అది జర్మనీ అచ్చుకూటపు ఎఱుపు కావచ్చును. చీర కట్టిన తీరు, కొంగు వేసిన భుజము, కడవ నెత్తిన విధము కొంత నమ్మదగినవి. అదియును, వెనుక తెర కట్టి తీసిన స్టూడియో బొమ్మ కానప్పుడే.

నీటిపారుదల యనగానే బొమ్మకార్డులవారికి ఏతముపై ప్రీతి. పొడవైన దూలము, దానిపై ఎక్కి దిగు మనిషి, క్రింద బావి, ఇవన్నియు బొమ్మకు చక్కగ కుదురును. కాని ధవళేశ్వరమున 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. అటుపిమ్మట డెల్టారైతునకు నీరు కాలువనుండి బోదెగుండ వచ్చినది. మెఱకచేనికి ఇద్దరు నిలిచి గూడ వేసిరి. ఏతము పెద్దాపురము, తుని వైపు మెట్టకు దగ్గర. గోదావరి పేరుతో ఏతము కనబడినచో మెట్టపల్లెగ ఊహించుట సమంజసము గాని, దానిని డెల్టాజీవనమునకు ప్రతినిధిగ గైకొనరాదు. డెల్టాకు సొంతమైన దృశ్యము కాలువపడవ: గట్టున నడచుచు తాడు లాగు మనుష్యులు, చుక్కాని కడ సరంగు. ఇక బోదె యొడ్డున పార పట్టి నిలిచినవాని బొమ్మను ఏ దొర కొనును!

ఇప్పుడు తెలుగుశాఖలకు సన్నిహితమైన విషయము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటమును 1962లో ప్రకటించినది. చేనేతసంపుటము 1971లో వెలువడినది. కోశము పదమునుండి వస్తువునకు త్రోవ చూపును. బొమ్మకార్డున వస్తువు కలదు, పేరు లేదు. ఈ రెంటిని ఎదురెదురుగ పెట్టుటయే మేము కోరునది. అందుకు బొమ్మ నడుమను గాక మూలలను చూడవలెను. నడుమ నున్నది అమ్మకమునకు నిలిపినది. మూలలోనిది అనుకొనకుండ చేరినది. ఇంటి ప్రక్కన ఒక గుండ్రని ఆకారము కనబడిన దనుకొందము. కొన్న విదేశీయునకు అది గడ్డిపోగు. మనకు అది కోసిన పనలు పేర్చిన కుప్పయా, నూర్చిన పిమ్మట వేసిన గడ్డిమేటా, గడ్డివెంటి చుట్టి లోపల ధాన్యము పోసిన పురియా? కుప్పయైనచో ఇంకను నూర్పు కాలేదు. పురియైనచో ఆ యింట గింజలు నిలువయున్నవి. ఒక్క పదముతో ఋతువును, ఇంటి స్థితియు తెలియుచున్నవి. అట్లే నాగలిబొమ్మలో కాడి, ఏడికోల, మేడితోక, కర్రు వేర్వేరుగ గుర్తించగలిగిననే ఆ కార్డును చదివినట్లు.

ఈ పేర్లు చెప్పగలవారు నాగలి పట్టిన తరమువారు. ట్రాక్టరు, వరికోత యంత్రము వచ్చిన పిమ్మట పెరిగినవారిలో పురి కట్టుట చూచినవారు అరుదు. కార్డులు ఆల్బములలో ఇంకను నిలుచును. పేరు చెప్పు పెద్దలు నిలువరు. కావున కార్డులన్నియు దొరకువరకు ఆగరాదు. దొరకిన దానినే పెద్దదిగ నకలు తీసి, ఎనుబదేండ్ల రైతు ముందు పెట్టవలెను. 'ఇది పురియేనా?' అని అడుగరాదు. 'ఇదేమిటండి, తాతగారూ?' అని అడిగి ఊరకుండవలెను. మన మాటను ఆయన నోట పలికించినచో సేకరణ చెడును. నీటిరేవు, వంటిల్లు, దంపుడు బొమ్మలను స్త్రీలకు చూపవలెను. చేట, తట్ట, గంపల భేదము వారికి తెలిసినంత మగవారికి తెలియదు. ఒకే కార్డును పెద్దాపురపు మెట్టలోను, అమలాపురము దగ్గర కోనసీమలోను చూపి, ఊరు, తేది, చెప్పినవారి వయస్సు, వృత్తి వేర్వేరు చీటీలపై వ్రాయవలెను. కార్డునకు రెండువైపుల నకలును, శీర్షికను తప్పులతో సహా ఉన్నదున్నట్లు జతపరుపవలెను. రెండు ఊళ్లలో రెండు పేర్లు వచ్చినచో రెండింటిని ఉంచి, ఏది ఏ ఊరి దో మాత్రము గుర్తు పెట్టవలెను.