వల నుండి వలువ

సముద్రగర్భమున ఒక వల పడియున్నది. దానిని విసరిన జాలరి ఏనాడో తీరము చేరెను. తుపానుకు తెగియో, రాతికి తగులుకొనియో వల మాత్రము అడుగునకు జారెను. యజమాని లేకున్నను వల తన పని మానలేదు. చేపలు, పీతలు, తాబేళ్లు అందు చిక్కుచునే యున్నవి. ఏ ఇంటి పొయ్యికిని చేరని ఈ వేటకు అంతము లేదు. ఇట్టి వలలకు పాశ్చాత్యులు పెట్టిన పేరు ‘దయ్యపు వలలు’.

పూర్వము వలలను నూలుతోను, నారతోను అల్లెడివారు. అవి నీటిలో నాని కొంతకాలమునకు కుళ్లిపోయెడివి. నైలాను అట్లు కుళ్లదు. పైగా ఉప్పునీటి కంటె బరువైనదగుటచే తేలక మునుగును. కన్నులకు కానరాక దశాబ్దముల తరబడి నిలిచియుండును. జాలరికి వరమైన గట్టిదనమే సముద్రమునకు శాపమైనది.

ఈ వలకును, స్త్రీలు ఈదునపుడు ధరించు దుస్తులకును చుట్టరికము కలదనిన వినువారికి వింతగా తోపవచ్చును. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు తొలిసారిగా ఈతపోటీలు జరిగెను. నూరు మీటర్ల పందెమున ఆస్ట్రేలియా వనిత ఫానీ డ్యూరాక్ విజేతయయ్యెను. ఆ కాలమున ఈతదుస్తులు ఉన్ని, నూలు, పట్టు మొదలగు వానితో కుట్టబడెడివి. ఉన్ని నీరు పీల్చి బరువెక్కి, సాగి వ్రేలాడి, ఈదువారికి భారమయ్యెడిది. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థయందు వాలెస్ కెరొదర్స్ నైలానును సృష్టించెను. 1938లో జర్మనీయందు పాల్ ష్లాక్ కాప్రోలాక్టమ్ అను ఒకే పదార్థము నుండి మరియొక విధమైన నైలానును సాధించెను. దానికే నైలాన్ 6 అని పేరు. 1958లో జోసెఫ్ షివర్స్ రబ్బరువలె సాగు ఎలాస్టేన్ దారమును కనుగొనెను. తేలికగా నుండి, త్వరగా ఆరి, ఒంటికి అమరు నేటి ఈతదుస్తులలో పెక్కింటికి ఈ దారములే ఆధారము. జాలరి వలకును, ఈతకత్తె వలువకును పుట్టిల్లు ఒక్కటే. అది భూగర్భమందలి ముడిచమురు.

పుట్టిల్లు ఒక్కటియైనపుడు ఒకటి మరియొకటిగా మారరాదా? ఈ ప్రశ్నకు సమాధానము స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో లభించినది. ఇటలీ దేశపు ఆక్వాఫిల్ సంస్థ 2011లో అచ్చట పాత నైలానును క్రొత్త దారముగా మార్చు కర్మాగారమును నెలకొల్పెను. ఆ దారము పేరు ఎకోనిల్. పాత వలలు, పాత తివాచీలు, కర్మాగారముల వ్యర్థములు దానికి ముడిసరకులు.

ఇందలి రసాయన రహస్యము విద్యార్థులకు సులభముగానే బోధపడును. నైలాన్ 6 ఒక పూలదండ వంటిది. కాప్రోలాక్టమ్ అణువులు అందలి పువ్వులు. ఆ పువ్వులన్నియు ఒకే జాతివి. వలలను వేరుపరచి, కడిగి, ముక్కలు చేసి, తగిన వేడిమికి లోనుచేయగా దండ విడిపోయి పువ్వులు వేరగును. వానిని శుద్ధిచేసి మరల గ్రుచ్చిన క్రొత్త దండ సిద్ధమగును. ఇట్లు వచ్చిన దారము చమురు నుండి నేరుగా తీసిన దారమునకు గుణమున తీసిపోదు. ప్లాస్టిక్ సీసాలను కరగించి దారము తీయు సాధారణ పద్ధతిలో దండ విడిపోదు. కరగించిన కొలది తునుగుచు బలము తగ్గును. ఇదియే రెండు పద్ధతులకును గల భేదము.

2013లో హెల్తీ సీస్ అను సంస్థ వెలసెను. దానితో కలిసి పనిచేయు గజ ఈతగాండ్రు మునిగిన నౌకల యొద్దను, రాళ్ల నడుమను చిక్కిన వలలను కోసి పైకి తెచ్చుచున్నారు. వానియందలి నైలాను లుబ్లియానాకు చేరి, తుదకు ఈతదుస్తుల గుడ్డయగుచున్నది.

అయినను ప్రకటనలు చూచి మురిసిపోవుట వివేకము కాదు. కర్మాగారము చేరు సరకంతయు సముద్రగర్భము నుండి వచ్చునది కాదు. చేపల పెంపకపు క్షేత్రముల వలలును, తివాచీలును అందు కలవు. వలలన్నియు నైలానువియు కావు. పాలిథిలీన్ వలలు ఈ దారమునకు పనికిరావు. అన్నిటికంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. ఈతదుస్తుల గుడ్డలో ఎలాస్టేన్ కూడ కలియవలెను. పేరొందిన యొక ఇటాలియన్ గుడ్డలో ఎకోనిల్ 78 పాళ్లు, ఎలాస్టేన్ 22 పాళ్లు. ఒకే జాతి పూలదండలో వేరు దారము పెనవైచినట్లగుటచే, ఆ దుస్తు చినిగిన పిమ్మట దానిని మరల నైలానుగా మార్చుట మిక్కిలి కష్టము. వల వలువయగును గాని, ఆ వలువ మరల వలువయగుట అరుదు. ఉతికినపుడు రాలు సన్నని పోగులు నీటిలో కలియుటయు తప్పదు.

కావున వస్తువును పుట్టించు విధము ఎంత ముఖ్యమో, వాడుకొను విధమును అంత ముఖ్యము. ఈతకొలనులలోని క్లోరిను ఎలాస్టేనును తినివేయును. ఈదిన వెంటనే మంచినీట జాడించి, నీడన ఆరవేసిన దుస్తు ఎక్కువ కాలము మన్నును. రెండేండ్లకు బదులు నాలుగేండ్లు మన్నిన దుస్తు, మరియొక దుస్తు తయారీని తప్పించినట్లే గదా!

ఆంధ్రతీరమునకును ఈ కథతో సంబంధము లేకపోలేదు. ఇచ్చటి జాలరులును నేడు నైలాను వలలు వాడుచున్నారు. ఏటేట గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డు చేరు ఆలివ్ రిడ్లీ తాబేళ్లలో కొన్ని వలలకు చిక్కి ప్రాణములు విడుచుచున్నవి. మునిగిన వలను వెదకి తీయుట సాహసమే. చినిగిన వలను కడలిలో విడువక ఒడ్డుకు తెచ్చుట అంతకంటె సులభము, అంతకంటె మేలు. ఆ వలకు ఒడ్డున విలువ కట్టువారున్ననాడు దానిని నీటిపాలు చేయుటకు ఏ జాలరియు సమ్మతింపడు.