మాన్యువల్ ఫోకస్ టెలిఫోటో లెన్సులు - డిజిటల్ కెమెరాలలో వాడకం

ఫిల్ము కెమెరాల కాలంలో తయారై, ఫోకస్‌ను చేతితో తిప్పి సరిచేసుకోవలసిన దూరపు లెన్సులను మాన్యువల్ ఫోకస్ టెలిఫోటో లెన్సులు అంటారు. 135, 200, 300 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల లెన్సులు వీటిలో ఎక్కువగా కనిపిస్తాయి. తగిన అడాప్టరు ఉంటే ఇటువంటి లెన్సులలో చాలావాటిని నేటి డిజిటల్ కెమెరాలకు బిగించి ఫోటోలు తీయవచ్చును. కొత్త టెలిఫోటో లెన్సులు ఖరీదైనవి కావడం వలన విద్యార్థులకు, ఔత్సాహికులకు ఇది తక్కువ ఖర్చుతో కూడిన మార్గం. అయితే కెమెరా తనంతట తాను చేసే పనులు కొన్నింటిని ఇక్కడ మనిషి కన్ను, చేయి చేయవలసి ఉంటుంది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల దృశ్యాలను ఉదాహరణలుగా తీసుకొని ఈ లెన్సుల వాడకం ఈ వ్యాసంలో వివరించబడింది.

నిర్మాణం

కుంభాకార కటకం దూరపు వస్తువు ప్రతిబింబాన్ని తన నాభి వద్ద ఏర్పరుస్తుందని పాఠశాల భౌతికశాస్త్రంలో చదువుతాము. 300 మి.మీ. నాభ్యంతరం గల సాధారణ కటకాన్ని కెమెరాకు అమర్చాలంటే దానిని సెన్సారుకు 30 సెం.మీ. ముందు నిలపాలి. అంత పొడవైన గొట్టాన్ని మోయడం కష్టం. అందుచేత టెలిఫోటో లెన్సులో ముందు భాగాన కిరణాలను కేంద్రీకరించే కటకాల సముదాయాన్ని, వెనుక భాగాన వికేంద్రీకరించే కటకాల సముదాయాన్ని అమర్చుతారు. దీని వలన నాభ్యంతరం ఎక్కువగా ఉన్నా లెన్సు పొడవు తగ్గుతుంది. ఇంగ్లండులో థామస్ డాల్మేయర్, జర్మనీలో అడాల్ఫ్ మీథే 1891లో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఇటువంటి లెన్సులను రూపొందించారు.

చరిత్ర

1959లో వచ్చిన నైకాన్ ఎఫ్ కెమెరాతో, మార్చుకోదగిన లెన్సులు గల ఎస్ఎల్ఆర్ కెమెరాలకు విశేష ప్రాచుర్యం లభించింది. ఆ తరువాత సుమారు పాతికేళ్ళ పాటు పెంటాక్స్, కెనాన్, మినోల్టా, ఒలింపస్ సంస్థలు, తూర్పు జర్మనీ, సోవియట్ కర్మాగారాలు లోహపు గొట్టాలతో గట్టి లెన్సులను తయారుచేశాయి. 1985లో మినోల్టా 7000 కెమెరా ఆటోఫోకస్‌ను కెమెరాలోనే ఇమిడ్చింది. 1987లో కెనాన్ సంస్థ తన పాత ఎఫ్‌డీ మౌంటును వదలి ఈఎఫ్ మౌంటును ప్రవేశపెట్టింది. దీనితో పాత ఎఫ్‌డీ లెన్సులు కొత్త కెమెరాలకు పట్టకుండా పోయాయి. పాడుకాని లెన్సులు అనేకం ఈ విధంగా పెట్టెలలోకి చేరాయి.

2008 తరువాత అద్దం లేని కెమెరాలు, అనగా మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాయి. వీటిలో మౌంటుకు, సెన్సారుకు మధ్య దూరం చాలా తక్కువ. ఈ ఒక్క మార్పు వలన మూలనపడిన లెన్సులు మళ్ళీ పనికి వచ్చాయి.

మౌంటు దూరం

ఒక లెన్సు ఒక కెమెరాకు పనికివస్తుందో లేదో నిర్ణయించేది ప్రధానంగా మౌంటు దూరం. కెమెరా ముఖాన లెన్సు ఆనుకొనే లోహపు వలయం నుండి సెన్సారు వరకు గల దూరమే మౌంటు దూరం. కొన్ని ముఖ్యమైన మౌంట్ల దూరాలు మిల్లీమీటర్లలో ఈ విధంగా ఉన్నాయి.

పాత మౌంట్లు:
- నైకాన్ ఎఫ్ (1959): 46.5
- ఒలింపస్ ఓఎం (1972): 46.0
- ఎం42 మరలు, పెంటాక్స్ కె (1975): 45.46
- మినోల్టా ఎస్ఆర్ (1958): 43.5
- కెనాన్ ఎఫ్‌డీ (1971): 42.0

డిజిటల్ కెమెరాల మౌంట్లు:
- కెనాన్ ఈఎఫ్ (1987): 44.0
- కెనాన్ ఆర్ఎఫ్ (2018): 20.0
- మైక్రో ఫోర్ థర్డ్స్ (2008): 19.25
- సోనీ ఇ (2010): 18.0
- ఫుజీ ఎక్స్ (2012): 17.7
- నైకాన్ జడ్ (2018): 16.0

లెన్సు మౌంటు దూరం కెమెరా మౌంటు దూరం కంటే ఎక్కువగా ఉంటే, ఆ తేడాకు సమానమైన మందం గల అడాప్టరు సరిపోతుంది. నైకాన్ ఎఫ్ లెన్సును సోనీ ఇ కెమెరాకు బిగించడానికి 46.5 - 18.0 = 28.5 మి.మీ. మందం కావాలి. ఈ అడాప్టరులో అద్దం ఏదీ ఉండదు. ఇది కేవలం ఖాళీ లోహపు వలయం. కనుక ప్రతిబింబం నాణ్యతలో మార్పు రాదు.

లెన్సు దూరం తక్కువైతే చిక్కు వస్తుంది. ఎం42 లెన్సును నైకాన్ ఎఫ్ కెమెరాకు బిగిస్తే లెన్సు కనీసం 1.04 మి.మీ. ముందుకు జరిగి నిలుస్తుంది. అప్పుడు 50 మి.మీ. లెన్సుతో లెక్క ప్రకారం సుమారు రెండున్నర మీటర్లకు మించి ఫోకస్ కుదరదు. 200 మి.మీ. లెన్సుతో ఈ హద్దు సుమారు 39 మీటర్ల వద్ద ఉంటుంది. చెట్టుమీది పిట్టకు అది చాలును గాని, గండికోట లోయకు ఆవలి రాతిగోడకు చాలదు. ఈ లోపాన్ని సరిచేయడానికి అద్దంతో కూడిన అడాప్టర్లు దొరుకుతాయి. వాటిలో చవుకరకాలు ప్రతిబింబాన్ని మసకబరుస్తాయి.

నైకాన్ వాడేవారు మరొక జాగ్రత్త తీసుకోవాలి. ఆ సంస్థ 1977లో ఏఐ పద్ధతిని ప్రవేశపెట్టింది. అంతకు ముందరి లెన్సులను మార్పు చేయించకుండా బిగిస్తే, అనేక నైకాన్ డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాలలో మౌంటు పక్కనున్న చిన్న మీట విరిగే ప్రమాదం ఉన్నది.

సెన్సారు పరిమాణం, దృశ్య విస్తీర్ణం

300 మి.మీ. లెన్సు చిన్న సెన్సారు గల కెమెరాకు బిగిస్తే 450 మి.మీ. అవుతుందని చెప్పుకోవడం కద్దు. నిజానికి నాభ్యంతరం మారదు. లెన్సు ఏర్పరచే ప్రతిబింబంలో మధ్యభాగాన్ని మాత్రమే చిన్న సెన్సారు గ్రహిస్తుంది. ఉదాహరణకు 100 మీటర్ల దూరంలోని రాతిగోడను 200 మి.మీ. లెన్సుతో తీస్తే, 36 మి.మీ. వెడల్పు గల ఫుల్ ఫ్రేమ్ సెన్సారుపై 18 మీటర్ల వెడల్పు గల భాగం పడుతుంది. 23.5 మి.మీ. వెడల్పు గల ఏపీఎస్-సీ సెన్సారుపై 11.75 మీటర్లు మాత్రమే పడుతుంది. పాత లెన్సులలో అంచుల కంటే మధ్యభాగమే స్పష్టంగా ఉంటుంది కనుక చిన్న సెన్సారు వలన ఒక మేలు కూడా కలదు.

కెమెరాలో అమర్చుకోవలసినవి

- అడాప్టరులో విద్యుత్ సంబంధం లేనందున లెన్సు లేదని భావించి కెమెరా షట్టరును నొక్కనివ్వకపోవచ్చును. లెన్సు లేకున్నా షట్టరు పనిచేసే ఏర్పాటును మెనూలో ఎంచుకోవాలి.
- అపర్చరును లెన్సు మీది వలయంతోనే తిప్పాలి. కెమెరాను 'ఏ' లేదా 'ఎం' పద్ధతిలో ఉంచాలి. కెనాన్ కెమెరాలలో 'ఏ'కు బదులు 'ఏవీ' అని ఉంటుంది.
- సెన్సారును కదిపి వణుకును తగ్గించే సదుపాయం కెమెరాలో ఉంటే, లెన్సు నాభ్యంతరాన్ని అంకెలలో నమోదు చేయాలి. ముందు వాడిన లెన్సు అంకె అలాగే ఉండిపోతే ఫోటో చెదురుతుంది.
- ఆ సదుపాయం లేనప్పుడు షట్టరు కాలం నాభ్యంతరపు విలోమానికి మించకూడదు. ఏపీఎస్-సీ కెమెరాపై 300 మి.మీ. లెన్సుకు 1/500 సెకను లేక అంతకంటే తక్కువ కాలం మంచిది.

రాయలసీమ ఎండలో ఇది కష్టం కాదు. నిర్మలమైన ఎండలో ఐఎస్ఓ 200, అపర్చరు ఎఫ్/16 ఉంటే 1/200 సెకను సరిపోతుందనేది ఫిల్ము కాలపు పాత సూత్రం. దీని ప్రకారం ఎఫ్/5.6 వద్ద 1/1600 సెకను వస్తుంది.

ఫోకస్ చేసే విధానం

200 మి.మీ. లెన్సుతో ఎఫ్/4 వద్ద 10 మీటర్ల దూరంలోని వస్తువును ఏపీఎస్-సీ కెమెరాతో తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు 40 సెం.మీ. మాత్రమే. ఎఫ్/8 వద్ద ఇది సుమారు 80 సెం.మీ. అవుతుంది. 300 మి.మీ. లెన్సుతో ఈ లోతు ఇంకా తగ్గుతుంది. పిట్ట కన్ను స్పష్టంగా రావాలంటే వలయాన్ని చాలా మెల్లగా తిప్పవలసి ఉంటుంది.

మిర్రర్‌లెస్ కెమెరాలలో ఇందుకు రెండు సాయాలున్నాయి. మొదటిది, దృశ్యంలో ఒక భాగాన్ని తెరపై పెద్దదిగా చేసి చూడడం. రెండవది, ఫోకస్ కుదిరిన అంచులకు రంగు పూసి చూపే 'ఫోకస్ పీకింగ్'. రెండవది వేగంగా ఉంటుంది గాని, ముతక కొలత మాత్రమే. నిలకడగా ఉన్న వస్తువుకు మొదటి పద్ధతే నమ్మదగినది.

అడాప్టర్లు తరచుగా ఉండవలసిన దాని కంటే కొద్దిగా పలుచగా తయారవుతాయి. అందువలన వలయాన్ని చివరి వరకు తిప్పితే ఫోకస్ అనంతాన్ని దాటిపోతుంది. చుక్కలనైనా, దూరపు కొండలనైనా తెరపై చూసి సరిచేసుకోవాలి. లెన్సు మీది దూరపు గుర్తులను నమ్మరాదు.

కదిలే వస్తువులకు ముందుగా ఫోకస్ పెట్టి వేచి ఉండడం మేలైన పద్ధతి. పాలపిట్ట కరెంటు తీగ మీదనో, ఎండు కొమ్మ మీదనో కూర్చుని, నేల మీది పురుగును పట్టి తరచు అదే చోటికి తిరిగి వస్తుంది. ఖాళీ కొమ్మకు ఫోకస్ పెట్టి ఉంచితే పిట్ట వాలగానే షట్టరు నొక్కవచ్చును. ప్రొద్దుటూరు దసరా ఊరేగింపులలో కూడా వీధిలో ఒక దీపస్తంభాన్ని గుర్తుగా పెట్టుకొని, వాహనం అక్కడికి చేరే వరకు ఆగడం ఇటువంటిదే.

స్థానిక ఉదాహరణలు

జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోట వద్ద పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకొని లోయగా ఏర్పడింది. ఇక్కడ వెడల్పు దృశ్యాన్ని ఏ కెమెరా అయినా పట్టగలదు. టెలిఫోటో లెన్సు అవసరమయ్యేది ఆవలి గోడలోని రాతి పొరలను, పగుళ్ళలో మొలచిన చెట్లను చూపడానికి. అయితే ఎండ ముదిరిన తరువాత వేడెక్కిన రాళ్ళ మీది గాలి అలలుగా కదలుతుంది. దూరపు రూపాలు నీటిలో నీడల వలె వంకరలు పోతాయి. ఇది లెన్సు లోపం కాదు, ఎంత ఖరీదైన లెన్సుకైనా తప్పదు. సూర్యోదయం తరువాతి గంట, గంటన్నర ఇందుకు అనుకూలమైన సమయం. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది కనుక ట్రైపాడ్ వాడదలచినవారు ముందుగా అక్కడి నిబంధనలు తెలుసుకోవాలి. లోయ అంచున కంటిని కెమెరాకు ఆనించి అడుగులు వేయడం ప్రాణాపాయం.

మైలవరం జలాశయం అంచున నిలకడగా నిలిచే కొంగలు అభ్యాసానికి అనువైనవి. జమ్మలమడుగులోని నారాపుర వేంకటేశ్వరస్వామి ఆలయం, ప్రొద్దుటూరు వద్ద పెన్నా ఒడ్డున గల ముక్తి రామేశ్వరం వంటి చోట్ల ఎత్తైన శిల్పాలను 135 మి.మీ. లెన్సుతో కొంత దూరం నుండి తీస్తే, దగ్గర నుండి తల ఎత్తి తీసినప్పటి వంకర తగ్గుతుంది. పులివెందుల ప్రాంతపు అరటి, చీనీ తోటలలో, వేంపల్లె సమీపాన పాపాఘ్ని నది పాలకొండలను చీల్చుకొని వచ్చే గండి వద్ద కూడా ఈ లెన్సులకు పని ఉన్నది. గూళ్ళ దగ్గరకు వెళ్ళి పక్షులను బెదరగొట్టరాదు. దూరంగా ఉండడానికే టెలిఫోటో లెన్సు.

లోపాలు, నివారణ

- రంగుల అంచులు: ప్రకాశవంతమైన ఆకాశం ముందున్న కొమ్మల చుట్టూ ఊదారంగు గీత కనిపిస్తుంది. పాత లెన్సులలో ప్రత్యేకమైన గాజు అరుదు. అపర్చరును రెండు మెట్లు తగ్గిస్తే లెన్సు స్పష్టత పెరిగి ఈ లోపం కొంత తగ్గుతుంది.
- తెల్లదనం: పాత పూతల వలన ఎదురు వెలుతురులో ఫోటో వెలిసినట్లు వస్తుంది. ముందు భాగాన నల్లని గొట్టపు మూత తగిలించాలి.
- బరువు: బరువైన లెన్సు కెమెరా మౌంటు మీద భారం వేస్తుంది. ఎడమచేతితో లెన్సునే పట్టుకోవాలి. ట్రైపాడ్ పట్టీ లెన్సుకు ఉంటే దానినే వాడాలి.

ఏ లెన్సుతోనూ సూర్యుని వైపు గురిపెట్టి ఎస్ఎల్ఆర్ కెమెరా కంటితెరలో చూడరాదు. చూపు శాశ్వతంగా దెబ్బతింటుంది. మూత లేని లెన్సును ఎండలో వదలితే భూతద్దం వలె మంట పుట్టించగలదు.

పరీక్ష, సంరక్షణ

పాత లెన్సును కొనే ముందు, లేదా ఇంట్లో ఉన్న దానిని తూకానికి వేసే ముందు, టార్చి వెలుతురులో రెండు వైపుల నుండి చూడాలి. సాలెగూడు వంటి తీగలు కనిపిస్తే అది బూజు. పొగ కమ్మినట్లుంటే లోపలి నూనె ఆవిరి పేరుకున్నదని భావించవచ్చును. ముందు అద్దంపై ఒకటి రెండు గీతలు ఫోటోలో దాదాపు కనిపించవు. లోపలి బూజు మాత్రం పూతను తినివేస్తుంది. వెనుక భాగపు కటకానికి బూజు పట్టిన లెన్సును కొనకపోవడం మంచిది. అపర్చరు రేకులు జిడ్డు లేకుండా కదలాలి. ఫోకస్ వలయం బిగుసుకొని ఉంటే విప్పి కొత్త గ్రీజు పెట్టించవచ్చును.

కడప జిల్లాలో వేసవి పొడిగా ఉన్నా, అక్టోబరు, నవంబరు వానలలో గాలి చెమ్మగా ఉంటుంది. తోలు సంచి చెమ్మను పట్టి ఉంచుతుంది కనుక లెన్సును అందులో దాచరాదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, అప్పుడప్పుడు బయటికి తీసి వాడుతుండాలి. నాపరాయి గనుల పరిసరాలలో దుమ్ము ఎక్కువ. అక్కడ లెన్సు మార్చరాదు. అద్దాన్ని తుడిచే ముందు దుమ్మును గాలితో ఊదివేయాలి, లేకపోతే రాతిపొడి గీతలు పెడుతుంది.

పరిమితులు

కబడ్డీ వంటి ఆటలకు, ఎగిరే పక్షులకు, పరుగెత్తే పిల్లలకు ఆటోఫోకస్ లెన్సే తగినది. లెన్సు పేరు, అపర్చరు వంటి వివరాలు సాధారణంగా ఫోటోలో నమోదు కావు గనుక పుస్తకంలో రాసుకోవాలి. నిలకడగా ఉన్న దృశ్యాలకు, సహనం గలవారికి ఈ లెన్సులు చక్కగా ఉపకరిస్తాయి. నాభ్యంతరం, అపర్చరు, స్పష్టమైన లోతు అనే మూడింటి సంబంధం వలయాలను తిప్పుతున్నకొద్దీ కళ్ళ ముందే తెలుస్తుంది కనుక, కాంతిశాస్త్రం చదివే విద్యార్థులకు ఇవి ప్రయోగ సామగ్రిగా కూడా పనికివస్తాయి.